మా చెల్లి సెలవులకి తెచ్చుకున్న భాష

మా చిన్నప్పుడు... ఓ ఏప్రిల్ మధ్యాహ్నం విజయవాడ బస్సు తిరువూరు స్టాండులో ఆగీ ఆగకముందే, మా చెల్లి పద్మ కిటికీలోంచి నాకేసి గబగబా చేతులు తిప్పడం మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఊరికే నవ్వుతూ నిలబడ్డాను.

పద్మకి పుట్టుకతోనే వినపడదు... మాటలు రాలేదు. తొంభైల చివర్లో, దానికి ఎనిమిదేళ్ళు రాకముందే, నాన్న విజయవాడలో వినపడని పిల్లల బడిలో చేర్చి, హాస్టల్లో ఉంచారు. అదే మొదటి వేసవి సెలవు. ఏడుస్తూ వెళ్ళిన పిల్ల, పది నెలల్లో రెండు చేతుల నిండా మాటలు తెచ్చుకుంది.

ఆ పూట అన్నం తింటూ నాన్న చెప్పారు. "వాళ్ళ టీచరుగారు మరీ మరీ చెప్పారు. ఈ రెండు నెలలూ ఇంట్లో ఎవరూ దీంతో చేతులతో మాట్లాడకపోతే నేర్చుకున్నదంతా పోతుందంట. ఒక్కరైనా నేర్చుకోవాలంట."

"నాకెక్కడ కుదురుద్దండీ" అంది అమ్మ, పప్పు వడ్డిస్తూ.

నాన్న నా వంక చూశారు. "నువ్వు నేర్చుకోవే. నీకెలాగూ సెలవులేగా."

అలా పన్నెండేళ్ళ నేను, ఎనిమిదేళ్ళ దానికి శిష్యురాలినయ్యాను.

వడగాలికి తలుపులు మూసేసి, గడ్డిలో మాగేసిన మామిడికాయల వాసన నిండిన గదిలో మా బడి... పద్మ మహా కోపిష్టి పంతులమ్మ. వేలు వంకర పెడితే మణికట్టు మీద ఒక్కటి వేసేది. సరిగ్గా వచ్చేదాకా వదిలేది కాదు. నేను పాత నోటుబుక్కులో చేతుల బొమ్మలు గీసుకుని, పక్కన బాణం గుర్తులు పెట్టుకుని బట్టీ పట్టేదాన్ని.

నెల తిరిగేసరికి కబుర్లదాకా వచ్చాం.

అంతకు రెండేళ్ళ ముందు నెమలి అనే ఊళ్ళో వేణుగోపాలస్వామి గుళ్ళో, జనంలో పద్మ తప్పిపోయింది. గంటకి దొరికింది... ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. ఏం జరిగిందో అప్పుడు అడగడానికి మాకు దారి లేదు. ఇప్పుడు అడిగాను.

ఎవరో ఎత్తుకున్నారట. వాళ్ళ పెదాలు కదులుతున్నాయట. ఏం అడుగుతున్నారో తెలియక భయమేసి ఏడ్చిందట.

"నీ పేరు అడిగి ఉంటారు" అన్నాను చేతులతో.

"నాకో పేరుందని అప్పటికి నాకు తెలియదు" అంది.

బళ్ళో చేరాకే తెలిసిందట... పద్మ అంటే తనేనని.

వంటింట్లో ఉన్న అమ్మకి వెళ్ళి చెప్పాను. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. కానీ తనూ నేర్చుకుంటానని మాత్రం అనలేదు.

మే నెలలో వినగడపలో పెళ్ళికి వెళ్ళాం. పందిట్లో మేమిద్దరం మాట్లాడుకుంటుంటే పిల్లలు చుట్టూ మూగారు. పద్మలాగా చేతులు ఊపి వెక్కిరించారు. మా పెద్దమ్మ అమ్మని పక్కకి తీసుకెళ్ళి, "ఆడపిల్ల... నలుగుర్లో అట్లా చేతులు తిప్పుతా ఉంటే ఏం బాగుంటదే? గమ్మున కూర్చోబెడితే ఎవరికీ తెలియను కూడా తెలియదు" అంది.

ఆ మాట అమ్మ మనసులో నాటుకుపోయింది. అప్పట్నుంచీ పద్మ చేతులు లేచినప్పుడల్లా అమ్మ వాటిని పట్టుకుని ఒళ్ళో పెట్టేసేది. కొట్టి కాదు, తిట్టి కాదు... ముద్దుగానే. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

సరిగ్గా బడి తెరిచే వారంలో పద్మకి కామెర్లు. నెలన్నర పథ్యం. తగ్గాక కూడా అమ్మ పంపలేదు. "కళ్ళ ముందుంటే చాలు, చదివి ఏం ఉద్యోగాలు చెయ్యాలి" అంది.

వానాకాలంలో ఓ రోజు ఆ టీచరుగారు గొడుగేసుకుని వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చారు. ఆవిణ్ణి చూడగానే పద్మ చేతులు ఎంతలా పరిగెత్తాయో...

"చూడండమ్మా, ఎన్ని మాటలున్నాయో పిల్ల దగ్గర! ఇంట్లోనే ఉంచేస్తే ఒక్కోటీ పోతాయి. పంపించండి" అన్నారావిడ.

"వచ్చే ఏడు చూద్దాంలెండి" అంది అమ్మ, మజ్జిగ గ్లాసు అందిస్తూ. నాన్న తల దించుకుని కూర్చున్నారు.

ఆవిడ లేచేసరికి పద్మ గౌను మార్చుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి చేతులతో ఏదో చెబుతోంది. టీచరుగారు దాని తల నిమిరి, ఒక్కరే వెళ్ళిపోయారు.

"ఏమంటందే అది?" అని అమ్మ నన్నడిగింది.

"తనూ వెళ్తానంటోంది."

"చిన్నపిల్ల... దానికేం తెలుసు."

ఆ వచ్చే ఏడు రాలేదు. ఇక దాంతో మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. పదో తరగతి అయ్యాక నేనూ ఇంటర్‌కి విజయవాడ హాస్టలుకి వెళ్ళిపోయాను. మొదటి సెలవులకి వచ్చినప్పుడు నాకు సగం సైగలు గుర్తున్నాయి. ఆ మరుసటిసారి అది ఆత్రంగా ఏదో చెప్పబోతే, "ఆగు... మెల్లగా" అన్నాను. మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. మళ్ళీ అర్థం కాలేదు. మూడోసారి చెప్పలేదు... "ఏం లేదులే" అన్నట్టు చెయ్యి విదిలించి, లోపలికెళ్ళిపోయింది.

నాకు పరీక్షలు, ఉద్యోగం, పెళ్ళి... దానికి అన్నం, నీళ్ళు, నిద్ర, రా, వద్దు. చివరికి ఆ సైగలే మిగిలాయి.

మొన్నామధ్య పద్మని కంటి డాక్టరుకి చూపిద్దామని విజయవాడ తీసుకెళ్ళాను. బస్టాండులో ఇద్దరమ్మాయిలు ఫోన్లో ఎవరినో చూస్తూ, చేతులతో మాట్లాడుతూ పకపకా నవ్వుతున్నారు. నా గుండె గంతేసింది. పద్మ భుజం తట్టి చూపించాను. అందులో ఒకమ్మాయి మమ్మల్ని గమనించి, నవ్వి, పద్మని ఏదో అడిగింది.

పద్మ ఆ చేతులకేసే చూసింది... తర్వాత నా మొహంలోకి చూసింది, ఏమంటోందో చెప్పమన్నట్టు.

నాకూ తెలియలేదు.

ఇప్పుడు ఫోనొకటి ఉంటే చాలు, వినపడని పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నవాళ్ళతోనైనా మాట్లాడుకుంటున్నారు. సంతోషమే... మా పద్మ వరకూ మాత్రం అది వచ్చినా లాభం లేకుండా పోయింది.

మీ ఇళ్ళల్లో ఇలాంటిది జరిగి, చివరికి మంచిగా ముగిసి ఉంటే రాయండి... అలాంటిది ఒక్కటైనా చదవాలని ఉంది.