పొయ్యి పొగతో కొలిచిన మనిషి

శుక్రవారం, పొద్దున ఏడున్నర. కోదాడలో సుబ్రహ్మణ్యం సార్ ఇంటి పెంకుల మీద పొగ లేచింది. ఆ వారం మొత్తంలో ఆ ఇంట్లో అదే మొదటి పొగ. సంతోషించాలో ఏడవాలో తెలియక వీధిలోనే నిలబడిపోయాను. ఇప్పుడు సూర్యాపేటలో మా ఇంటి పక్కన ఫంక్షన్ హాలు ఉంది. పెళ్లి వంటలకు కట్టెలు ముట్టించగానే పొగ మా కిటికీలోంచి వస్తుంది. కోడలు కిటికీ మూస్తుంది. నేను మళ్లీ తీస్తాను.

ఆయన ఆబ్కారీ సబ్ ఇన్‌స్పెక్టర్, నేను ఆయన దగ్గర జవానును. రాష్ట్రాలు కలిసిన కొన్నేళ్లకు కోస్తా నుంచి బదిలీ మీద మా వైపు వచ్చాడు. అప్పటికి నాకు ముప్పై దాటాయి, వేలిముద్రే తప్ప సంతకం లేదు. జీపులో పోతూ మైలురాళ్లు చదివించేవాడు. నేను జీవితంలో చదివిన మొదటి మాట 'కోదాడ'. అక్షరాలు నేర్పినందుకు మాత్రమే ఆయన్ని తలుచుకుంటున్నానని అనుకోవద్దు. ఆయన చూడడం కూడా నేర్పాడు. ఆ చూపుతో నాకు సుఖం లేకుండా పోయింది.

దొంగసారా ఒక్కడి పని కాదు. సూర్యాపేట నుంచి నల్లబెల్లం వచ్చేది, చిలుకూరు పొదల్లో బట్టీలు కాగేవి, మిర్యాలగూడలో సరుకు అమ్ముడుపోయేది. మేము ఓ బట్టీ పగలగొట్టి, ఒకరిద్దరిని పట్టుకుని, ఖతమైందని చెప్పుకునేవాళ్లం. చిలుకూరులో లక్ష్మయ్య అనేవాణ్ని పట్టుకున్నప్పుడు నేనూ అదే మాట అన్నాను.

"ఖతమైందో లేదో పగిలిన కుండలు చెప్పవు మల్లయ్యా," అన్నాడు సార్. "వాడి ఇంటి పొయ్యి చెబుతుంది. సంపాదించేవాడు జైల్లో ఉన్నా పొయ్యి వెలిగిందంటే, వెనకాల ఎవరో బియ్యం పంపుతున్నారు. ఆ పంపే చెయ్యి ఉన్నంతకాలం ఇంకో లక్ష్మయ్య దొరుకుతూనే ఉంటాడు."

వారం తర్వాత చూడడానికి వెళ్లాం. కప్పు మీద పొగ దర్జాగా లేస్తోంది. లక్ష్మయ్య భార్య ఎల్లమ్మ వాకిట్లో చేపలు తోముతోంది.

"ఏం సారూ, మా ఇంట్ల కూర వాసన సూడనీకి వచ్చినవా?"

"ఏం కూరమ్మా?"

"మీరు ఆయన్ని పట్టుకపోయిననాడు పప్పు. ఇయ్యాల చేపలు. ఇంకోపాలి పట్టుకపోతె కోడిని కోస్త, అప్పుడు రా."

సార్ నవ్వాడు. జీపెక్కాక నవ్వలేదు. అప్పటినుంచి ఎవరిని పట్టుకున్నా కొన్నాళ్లకు వాళ్ల ఇంటి కప్పు చూసి వచ్చేవాళ్లం. నడిగూడెంలో గాని, నిడమనూరులో గాని, ఎక్కడా పొయ్యి ఆరలేదు.

ఒక్కసారి ఆరింది. లక్ష్మయ్య రెండోసారి లోపలికి పోయినప్పుడు, చిలుకూరుకు బియ్యం తెస్తున్న ఎడ్లబండిని సార్ దారిలో ఆపాడు. బియ్యం బస్తాల కింద నల్లబెల్లం దొరికింది. బండి మొత్తం జప్తు చేశాం. మూడు రోజుల తర్వాత పొద్దున వెళ్లి చూస్తే లక్ష్మయ్య ఇంటి మీద పొగ లేదు.

"గెలిచినం సార్," అన్నాను.

ఆయన జీపు దిగి ఇంటివైపు నడిచాడు. ఎల్లమ్మ గడపలో కూర్చుని ఉంది. పొద్దెక్కినా పిల్లలు లేవలేక ఆమె చుట్టూ పడుకుని ఉన్నారు.

"ఇప్పుడు మంచిగున్నదా సారూ?" అందామె.

సార్ జీపులోంచి తన టిఫిన్ క్యారియర్ తెచ్చి ముందు పెట్టాడు. ఆమె పిల్లలను లేపి తినిపించింది గాని ఆయన ముఖం చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు, "ఆ బియ్యం పంపేవాళ్లను కూల్చాలంటే ముందు ఈ పిల్లలు పస్తుండాలి మల్లయ్యా. మనమేమో వీళ్లకు అన్నం పెట్టం," అన్నాడు. ఆ మరుసటి రోజే బియ్యం వేరే దారిలో వచ్చాయి. పొగ లేచింది.

ఆ బియ్యం పంపే చెయ్యి ఎవరిదో సార్ వెతకడం మొదలుపెట్టాడు. జాడ మిర్యాలగూడలో ఒక పెద్దమనిషి మిల్లు గేటు దాకా పోయింది. సార్ ఉద్యోగం కూడా అక్కడి దాకానే. మేము పట్టుకున్న సారా డబ్బాల్లో నీళ్లున్నాయన్నారు, అసలు సరుకు సారే అమ్ముకున్నాడన్నారు, సస్పెండు చేశారు. "సారా పట్టుమంటె పొయ్యిలు సూసుకుంట తిరిగిండు," అని పైఅధికారి అందరి ముందూ నవ్వాడు. జీతం ఆగింది. మా ఆఫీసువాళ్లు సార్ ఉండే వీధిలో నడవడమే మానేశారు.

ఆ శుక్రవారం నేను వెళ్లేసరికి వాకిట్లో, జైలు నుంచి బయటికొచ్చిన లక్ష్మయ్య ఉన్నాడు. సైకిల్ మీది బియ్యం బస్తా దించుతున్నాడు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"మా పనిల పడిపోయినోని ఇంటికి బియ్యం పోతయ్ అన్నా. సారు గూడ మా పని వల్లనే పడిపోయిండు గద." సార్ వైపు తిరిగాడు. "మా పొయ్యి నువ్వు సూసినవ్ సారూ. ఇగ నీది మేం సూస్తం."

ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు.

నులకమంచం మీద కూర్చున్న సార్ బస్తానే చూస్తూ అడిగాడు. "మల్లయ్యా, మన ఆఫీసు నుంచి ఇంకెవరైనా వస్తామన్నారా?"

"లేదు సార్."

"అయితే ఇక కొలవడానికేమీ లేదు."

తీసుకుపొమ్మని ఆయన అనలేదు. గడపలో పాపతో నిలబడ్డ అమ్మగారు ఎవరి వైపూ చూడకుండా బస్తాను లోపలికి ఈడ్చుకుపోయింది. నేను బయటికి వచ్చేసరికి పెంకుల మీద పొగ లేచింది.

విచారణ తేలకముందే సార్ పోయాడు. లక్ష్మయ్య కొడుకు తండ్రి పనిలోకే వచ్చాడు. మిల్లు పెరిగింది. ఇప్పటికీ ఫలానావాడు పడిపోయాడని ఎవరైనా చెబితే, ఎవరు పడేశారని నేను అడగను. ఆ ఇంటికి బియ్యం ఎవరు పంపారని అడుగుతాను. ఇన్నేళ్లయినా జవాబు మారలేదు.

ఆ పొద్దు అక్కడున్నది మంచం మీద సుబ్రహ్మణ్యం సార్, గడపలో అమ్మగారు సరోజనమ్మ, ఆమె కొంగు పట్టుకున్న పాప విజయ, చిలుకూరు లక్ష్మయ్య, మల్లయ్య అనే నేను. ఇంకెవరూ లేరు.