మావయ్య చెవికి నచ్చిన ల్యాప్‌టాప్

మా ఆశీర్వాదం మావయ్య ఏ వస్తువునీ కళ్లతో చూసి కొనడు. చెవితో విని కొంటాడు. పుచ్చకాయ దగ్గర అందరూ చేసే పనే కదా అనుకోకండి. ఆయన బకెట్టుని విన్నాడు, ప్రెషర్ కుక్కరుని విన్నాడు, ఒకసారి రాజమండ్రిలో చెప్పుల జతని చెవి దగ్గర పెట్టుకుని మడిచి మడిచి విన్నాడు. "ఎడమది మూలుగుతోందండి, వేరేది తీయండి" అన్నాడు. షాపతను దండం పెట్టి వేరే జత తీశాడు.

దీనికి ఆయన పని కొంత కారణం. నలభై ఏళ్లుగా ధవళేశ్వరంలో హార్మోనియం పెట్టెలు బాగుచేస్తున్నాడు. మా లూథరన్ చర్చికి కొత్తగా ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చినప్పుడు పాస్టరుగారు ముచ్చటపడి ఈయన్ని పిలిచారు. మావయ్య దాని మీద చెవి ఆనించి, చాలాసేపు కళ్లు మూసుకుని, "అయ్యగారూ, దీనికి ఊపిరి లేదండి" అన్నాడు. ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో రెండుసార్లు తడబడ్డారు.

మా పిన్ని కూతురి పెళ్లిచూపుల్లో అందరూ పెళ్లికొడుకుని చూస్తుంటే, ఈయన వాకిట్లో అతని బండి ట్యాంకు మీద చెవి పెట్టి కూర్చున్నాడు. "కుర్రాడు మంచోడేనండి. బండే రొప్పుతోంది" అని తీర్పు చెప్పాడు. పెళ్లయిన వారానికి కొత్త దంపతుల్ని ఆ బండి బ్యారేజీ మధ్యలో దింపేసింది. అప్పట్నుంచి మా చుట్టాలు మావయ్యని చూసి నవ్వుతూనే, ఏదైనా కొనాలంటే మాత్రం కబురు పెడతారు.

నేను పెట్టలేదు. నేను కొనాల్సింది ల్యాప్‌టాప్.

గొంతు ఆపరేషన్ తర్వాత మా అమ్మ సంపూర్ణమ్మకి మాట పోయింది. మెడ దగ్గర పెట్టిన చిన్న గొట్టంలోంచే ఊపిరి. అందులో కఫం అడ్డుపడితే వెంటనే తీయాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. చెప్పాల్సింది పలక మీద రాస్తుంది. పిలవాలంటే మంచం పక్కనున్న స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అందుకే హైదరాబాదు రమ్మన్న ఉద్యోగాలు వదులుకుని, ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ఏడాదిపాటు వెతికాను. చివరికి దొరికింది. ల్యాప్‌టాప్ నువ్వే ఎంచుకుని కొనుక్కో, బిల్లు పంపు అన్నారు. సోమవారం చేరాలి.

ఆ వారమంతా మావయ్య రోజూ మధ్యాహ్నం వచ్చి, ముందు గదిలో నా టేబులు పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. భోజనం తర్వాత కునుకు అనుకున్నాను. లేచి అమ్మ మంచం దాకా పచార్లు చేసేవాడు. అరుగుదలకి అనుకున్నాను.

"ల్యాప్‌టాప్‌కి నేనూ వస్తానే, అమ్మడూ" అన్నాడు శనివారం.

"అది పుచ్చకాయ కాదు మావయ్యా."

"తెలుసే. పుచ్చకాయకి బిల్లివ్వరు."

షాపులో కిరణ్ అనే కుర్రాడు ఎదురొచ్చాడు. "ఎలాంటిది కావాలండి, మేడమ్?"

"కోడింగుకండి. మంచి ప్రాసెసరు, ర్యామ్ ముప్ఫై రెండు..."

"రొప్పనిది" అన్నాడు మావయ్య.

కిరణ్ నేను నెలరోజులుగా కలలుగంటున్న మోడలే తీసుకొచ్చాడు. "దీన్ని బాగా కష్టపెట్టు బాబూ" అన్నాడు మావయ్య. కిరణ్ ఏదో పెద్ద గేమ్ పెట్టాడు. రెండు నిమిషాల్లో లోపలి ఫ్యాను హోరెత్తింది. మావయ్య చెవి తీసి, "జ్వరమొచ్చింది దీనికి" అన్నాడు. రెండోది గురకపెడుతోందన్నాడు. మూడోది పళ్లు కొరుకుతోందన్నాడు. చుట్టూ జనం చేరారు. ఒకావిడ దగ్గరికొచ్చి, "ఫ్రిజ్‌లు కూడా చూస్తారాండీ?" అని అడిగింది. మావయ్య వెళ్లి ఆవిడ ఫ్రిజ్ కూడా విని వచ్చాడు.

తర్వాత ఇంకో వేషం మొదలెట్టాడు. "బాబూ, నువ్విక్కణ్ణుంచి పదకొండు అంగలు వేసి, ఆ బీరువా మీద నీ తాళంచెవితో కొట్టు."

కిరణ్ ఠంగుమని కొట్టాడు.

"అంత గట్టిగా కాదు. మెల్లిగా. ఇంకా మెల్లిగా."

నేను ధరల కాగితంలో మొహం దాచుకున్నాను.

చివరికి ఒక పల్చటి ల్యాప్‌టాప్ మీద మావయ్య చెవి ఆగిపోయింది. "ఇందులో ఫ్యానే ఉండదండి" అన్నాడు కిరణ్. నిజాయితీ గల కుర్రాడు, నా వైపు తిరిగి, "కానీ మేడమ్, పెద్ద ప్రాజెక్టులు నడిపితే వేడెక్కి నెమ్మదించేస్తుంది" అని కూడా చెప్పాడు.

"ఇదే" అన్నాడు మావయ్య.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏడాది వెతుక్కున్న ఉద్యోగం మావయ్యా! నాకు పని చేతకాదని మొదటి నెల్లోనే తీసేస్తే?"

"ఉద్యోగం పోతే ఇంకోటొస్తుందే..." అని ఆగిపోయి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఈ ఒక్కసారికి నా మాట వినవే."

మావయ్య ఎవరినీ బతిమాలగా నేనెప్పుడూ చూడలేదు. అదే కొన్నాను. ఆటోలో ధవళేశ్వరం దాకా ఆయనతో మాట్లాడలేదు.

కిరణ్ చెప్పినట్టే అయింది. రాసిన ప్రోగ్రాము తయారవడానికి నా మెషిన్ ఎంతసేపు తీసుకునేదంటే, ఆ లోపల అమ్మకి గంజి కాచి, చల్లార్చి, తాగించి వచ్చేదాన్ని. మా టీమ్ లీడ్ సుకుమార్ గారు ఓ రోజు అడిగారు. "ఏంటండీ, పాత మెషినా?"

"కొత్తదేనండి. మా మావయ్య విని కొన్నాడు."

పాపం, ఆయన మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

మూడో నెల ఒక మధ్యాహ్నం. మెషిన్ వేడెక్కి, చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుంటోంది. లోపల్నుంచి చిన్న శబ్దం వచ్చింది. గ్లాసు మీద చెంచా కొట్టినట్టు కూడా లేదు, తగిలినట్టుంది. పరుగెత్తాను. గొట్టం మూసుకుపోయి అమ్మ మొహం నల్లబడుతోంది. చెంచా చేతిలోంచి జారిపోయింది. కఫం తీసేశాక ఊపిరి అందుకుంది. జారిన చెంచా తీసి మళ్లీ గ్లాసు పక్కన పెట్టాను.

అప్పుడు తట్టింది. ముందు గదిలోకెళ్లి, నా కుర్చీ నుంచి అమ్మ మంచం దాకా అంగలు వేసి లెక్కపెట్టాను. పదకొండు.

అమ్మ నా వంక చూసి పలక అందుకుంది. మెల్లిగా రాసింది. "మీ మెర్సీ అత్తకి గుండెనొప్పి వచ్చి పిలిచింది. అన్నయ్య ముందు గదిలో పెట్టె వాయించి చూసుకుంటున్నాడు. వినపడలేదు. ఈ చెవి పిచ్చి అప్పట్నుంచే."

మెర్సీ అత్త మావయ్య భార్య. ఆవిడ పోయేనాటికి నేను ఉయ్యాల్లో ఉన్నానట. ఇన్నేళ్లూ ఆ పిచ్చి చూసి నవ్విన వాళ్లలో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. సిగ్గుతో ఏడ్చాను.

అమ్మ ఇంకో ఐదు నెలలు ఉంది. చివరి రోజూ చెంచా మోగింది. విన్నాను, వెళ్లాను. గొట్టంలో ఏమీ అడ్డం లేదు. నా చెయ్యి కావాలని పిలిచింది, అంతే. చాలాసేపు పట్టుకునే ఉంది.

వడ్రంగి అచ్చిబాబు అమ్మకి శవపెట్టె తెచ్చాడు. ఆయనకీ మావయ్యకీ చెక్క విషయంలో జన్మలో పడలేదు. మావయ్య వంగి పెట్టె మీద వేలితో కొట్టి, చెవి ఆనించి, "మంచి చెక్క వేశావు" అన్నాడు. అచ్చిబాబు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మ కోసం ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన అయ్యి అందరూ వెళ్లిపోయాక మావయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఇంక స్పీడుది కొనుక్కోవే. దీని పనైపోయింది."

"వద్దులే మావయ్యా. అరుగు మీద నువ్వు దగ్గితే నాకు వినపడద్దా?"

మావయ్య నా తల దగ్గరికి లాక్కుని, నడినెత్తి మీద చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"కడుపు ఖాళీగా మోగుతోంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు" అన్నాడు.

"కడుపు సంగతి నెత్తిలో ఎలా వినపడింది?"

"నలభై ఏళ్ల సర్వీసే ఇది. లే."

వంటింట్లోకెళ్లి రెండు కంచాలు తీశాడు. నా కంచాన్ని వేలితో ఒకసారి కొట్టి, విని, తల అడ్డంగా ఊపి, పక్కన పెట్టేసి, వేరేది తీశాడు.