పట్టు తప్పిన ఈక

రోజూ పొద్దున్నే తల్లి మెట్లు దిగిన చప్పుడు ఆగగానే ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళేది. బల్ల మీద మూతపెట్టిన పళ్ళెంలోంచి రొట్టె, ఉడికించిన గుడ్డు, అరటిపండు తీసి కాగితంలో చుట్టేది. ఖాళీ పళ్ళేన్ని కడిగి, తిన్నవాళ్ళు కడిగిపెట్టినట్టే బోర్లించేది. గోరువెచ్చని నీళ్ళు తాగి, ఆకలి నోరెత్తకుండా నడుముకు పొడుగాటి గుడ్డ బిగించి చుట్టుకుని, దాని మీద నాట్యం బట్టలు తొడుక్కుని బయల్దేరేది. పొట్లం మాత్రం వీధి మలుపులో చెప్పులు కుట్టే తాత చేతిలో పెట్టేది.

"నువ్వు తిన్నావా తల్లీ?" అని ఆయన అడగని రోజు లేదు.

"తిన్నా తాతా" అని ఆ పిల్ల అనని రోజూ లేదు.

"చల్లగా ఉండమ్మా. కన్నబిడ్డలు కూడా ఇంతగా చూడరు" అనేవాడు. ఒకరి ఆకలి తీర్చడం పుణ్యమే, కాదనను. కానీ ఆ దీవెన విన్నప్పుడల్లా దొంగసొమ్ము దేవుడి హుండీలో వేసినట్టుండేదని తర్వాత నాతో చెప్పింది.

వాళ్ళు మా పక్క వాటాలో ఉంటారు. తండ్రి బస్సు నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. తల్లి ఆసుపత్రి వంటశాలలో పని. ఒకరికి ఉప్పు లేకుండా, ఒకరికి మెత్తగా, ఒకరికి పలచగా వండి పెట్టి మధ్యాహ్నం దాటాక వస్తుంది. వచ్చేటప్పటికి ఎంత అలిసినా, మా గుమ్మం దగ్గర ఆగి "అక్కా, మందులు వేసుకున్నావా?" అని అడగనిదే తాళం తియ్యదు. కూతురి గురించి ఆవిడకో గర్వం ఉండేది. "మా అమ్మాయికి తిండి దగ్గర పేచీల్లేవక్కా. పెట్టింది పెట్టినట్టు తింటుంది. ఒంటికి మాత్రం పట్టదు, అదేం ఒళ్ళో!" అనేది.

ఆ పిల్లను నాట్యం క్లాసులో ఈక అంటారు. చేరిన కొత్తలో పైకి ఎగిరే అడుగు నేర్పుతూ టీచరమ్మ "చూడండే, ఈకలా లేచింది" అని మెచ్చుకుంది. ఆ పేరే నిలిచిపోయింది. తర్వాత ఓసారి జ్వరం తగ్గాక కాస్త ఒళ్ళు చేసి వెళ్తే, తోటిపిల్లలెవరో "ఈక వానలో తడిసిందే!" అన్నారు. అందరూ నవ్వారు. అన్నవాళ్ళు చెప్పులు వేసుకునేలోగా మర్చిపోయారు. మాట పడిన పిల్ల మర్చిపోలేదు. ఆ మర్నాటి నుంచే పళ్ళెం కడగడం మొదలైంది.

ఆ క్లాసులో ఒక పద్ధతి ఉంది. టీచరమ్మ గుమ్మం దగ్గరే నిలబడి లోపలికొచ్చే ప్రతి పిల్లనీ "కడుపులో ఏముంది? కాళ్ళలో ఏముంది?" అని అడుగుతుంది. ఏం తిన్నారో, ఎక్కడ నొప్పిగా ఉందో నిజం చెప్పాలి. నొప్పి ఉన్నవాళ్ళు గోడవారన కూర్చుని చేతులతోనే నాట్యమంతా చెయ్యాలి. అందులో నామోషీ ఏమీ లేదు. తన మోకాలు సలిపిన రోజున టీచరమ్మే వాళ్ళ పక్కన చతికిలబడి చేతులాడిస్తుంది. తినకుండా వచ్చినవాళ్ళకు తన డబ్బా విప్పి పెడుతుంది. తిన్నాకే లేవనిస్తుంది.

"కడుపులో నిన్నటి అన్నం, కాళ్ళలో నిన్నటి మీ తిట్లు టీచరమ్మా" అనేది ఈకకు జోడీగా చేసే పిల్ల.

"తిట్లు అరిగేదాకా గెంతు పో" అని టీచరమ్మ దాని వీపు మీద చరిచేది.

ఈక మాత్రం "రొట్టె, గుడ్డు, అరటిపండు" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి లోపలికి జారుకునేది.

ఆ జోడీ పిల్లను స్తంభం అంటారు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. వేరేచోట్ల "నీకు నాట్యం ఏమిటమ్మా" అని గుమ్మంలోంచే పంపేశారట. ఈ టీచరమ్మ ఒక్కతే రమ్మంది. కింద నిలబడి మిగతావాళ్ళను భుజాల మీదికి ఎత్తే పని అప్పగించింది. ఆ పనిలోనే స్తంభం తనకంటూ ఒక చోటు సంపాదించుకుంది. ఏడాది చివర్లో పెద్ద ప్రదర్శన. అందులో ఈక పరుగెత్తుకొచ్చి స్తంభం తొడ మీద కాలేసి భుజం మీదికి లేచి, రెండు చేతులూ చాచి నిలవాలి. పైకి లేచేవాళ్ళు ఒళ్ళు బిగపట్టి ఉంటే కిందివాళ్ళకు బరువు తెలియదు. ఒళ్ళు వదిలేశారా, ఎంత సన్నటి మనిషైనా నీళ్ళు నిండిన గోనెసంచే. అందుకే టీచరమ్మ అస్తమానం అనేది: "గుమ్మంలో మీరు చెప్పే అబద్ధం మీ కాలికి కాదే, కింద నిలబడ్డదాని మెడకు తగులుతుంది."

తగిలింది. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది. నడుముకు చుట్టిన గుడ్డ చెమటకు తడిసి ఇంకా బిగుసుకుంది. ఈక పరుగెత్తింది, కాలేసింది, లేచింది. చేతులు చాచేసరికి గోడలు నల్లబడ్డాయి. ఒళ్ళు వదిలేసింది. స్తంభం పక్కకు తప్పుకుంటే దానికేమీ అయ్యేది కాదు. తప్పుకోలేదు. పడుతున్న తల కింద తన చెయ్యి పెట్టింది. ఆ మణికట్టు మీదే ఇద్దరి బరువూ పడింది.

ఈక కళ్ళు తెరిచేసరికి ఎవరో మొహాన నీళ్ళు చల్లుతున్నారు. స్తంభం తన చెయ్యి తనే పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది.

"ఏమైందే?" అంది టీచరమ్మ.

స్తంభం ఈక వంక ఒక్కసారి చూసి, "నా చెయ్యి జారింది టీచరమ్మా" అంది.

అప్పుడే నోరు తెరవాల్సింది. ఈక తెరవలేదు.

ఎముక చిట్లిందన్నారు, కట్టు కట్టారు. టీచరమ్మ రెండ్రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత అందరి ముందూ, తలెత్తకుండా, "చెయ్యి మానినా దాన్నింక కింద నిలబెట్టలేను. ఇంకొకరి బిడ్డ ప్రాణం కదా. వేరే ఎవరినైనా చూసుకుందాం" అంది. కింద నిలబడే పని పోతే స్తంభానికి ఆ క్లాసులో ఇంకేముంది? అది అందరికీ తెలుసు, అందరికన్నా ఈకకు బాగా తెలుసు.

ఇంట్లో తల్లి కూతురికి తల దువ్వుతూ, "స్తంభమట స్తంభం! పుల్ల ముక్క నయం. నా బిడ్డ తల పగిలి ఉంటే?" అని శాపనార్థాలు పెడుతుంటే నాకు గోడ ఇవతలికి వినిపించింది. కూతురి నుంచి ఒక్క మాట లేదు. పాపం, బిడ్డ భయపడిపోయిందనుకున్నాను. నా దేవుడి గూట్లో ఆ పిల్ల పేరు చెప్పి ఒక పువ్వు కూడా పెట్టాను.

ఆదివారం ఈక స్తంభం వాళ్ళింటికి వెళ్ళింది. దారి పొడుగునా రెండుసార్లు వెనక్కి తిరిగిందట. తలుపు తీసింది స్తంభం నాయనమ్మ.

"నువ్వేనా అమ్మా ఈకవి? రా రా. దెబ్బలేమీ తగల్లేదు కదా తల్లీ?" అని మొహం, భుజాలు తడిమి చూసింది. "మా మొద్దు చెయ్యి జారిందట కదా. మీ అమ్మకు మొహం ఎలా చూపించాలా అని నలుగుతున్నా. మా పిల్ల తరఫున నేను చెబుతున్నా, మనసులో పెట్టుకోకమ్మా."

ముసలావిడ చేతులు జోడించబోయింది. ఈక ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించేసింది. నేల నిలువునా చీలితే బాగుండుననిపించిందట. చీలలేదు. పైగా ఆవిడ కంచంలో వేడి అన్నం పెట్టుకొచ్చి ముందు పెట్టింది. "చిక్కి సగమయ్యావు, తిను" అని పక్కనే కూర్చుంది. పెరటి తలుపు దగ్గర స్తంభం ఎడమచేత్తో చెంచా పట్టుకుని, సగం నోట్లో, సగం ఒళ్ళో పోసుకుంటోంది.

నాయనమ్మ లోపలికెళ్ళాక ఈక కంచం పక్కన పెట్టింది.

"నీ చెయ్యి జారలేదు" అంది.

"తెలుసు" అంది స్తంభం. "జారితే నాకు తెలియదా? ఈక కాదు, తడిసిన బొంతలా వచ్చి పడ్డావు నా మీద."

"ఎన్నాళ్ళ నుంచో నేను తినడం లేదు. గుమ్మం దగ్గర చెప్పేదంతా అబద్ధం. మా అమ్మకూ అబద్ధమే."

"అదీ అనుకున్నా. పట్టుకున్నప్పుడల్లా ఎముకలు గుచ్చుకుంటుంటే ఏం తింటున్నావో తెలియదా?"

"మరి జారిందని ఎందుకు చెప్పావు?"

స్తంభం చెంచా కింద పెట్టింది. "నీ మొహం పాలిపోయి ఉంది. అప్పుడు నిజం చెబితే నిన్ను పీక్కుతింటారనిపించింది. లేచి కూర్చున్నాక నువ్వే చెబుతావులే అనుకున్నా." చెంచా మళ్ళీ అందుకుని, "చెప్పలేదు" అంది.

"ఆ మాటలో కోపం ఉన్నా తట్టుకునేదాన్ని పెద్దమ్మా, లేదు, అందుకే తల ఎత్తలేకపోయాను" అని ఆ పిల్ల తర్వాత నాతో చెబుతూ నా వంటింటి గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

"పోనీలే, అయిపోయిందేదో అయిపోయింది. అన్నం చల్లారిపోతోంది" అంది స్తంభం.

ఈక కంచం ఒళ్ళోకి తీసుకుంది. ఒక ముద్ద మింగింది.

"ఒక్క సాయం చెయ్యవే" అంది. "రేపు మా అమ్మను వెంటబెట్టుకుని టీచరమ్మ దగ్గరికి వస్తా, అందరి ముందే చెబుతా. అప్పుడు నువ్వు మధ్యలో 'పోనీలెండి' అని అడ్డం పడకు. నేను ఏడ్చినా సరే, నన్ను వెనకేసుకు రాకు."