నాలుగు పూటల ఇంజను

పుదుచ్చేరి పక్కనున్న సారంలో మునియన్ ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఆదివారం పొద్దున ఏ వాకిట్లో నల్లగా పొగ లేస్తే అదే అతని ఇల్లు. మిల్లులో ఫిట్టరు ఉద్యోగం, ఇంటి దగ్గర మోటారుసైకిలు పిచ్చి. రెండోదానికి జీతం లేదు, అయినా ఒక్కనాడూ నాగా పెట్టలేదు.

పుదుచ్చేరి పరాసువాళ్ళ, అంటే ఫ్రెంచివాళ్ళ, చేతిలో ఉన్న రోజులవి. ఏటా జూలై పద్నాలుగున వాళ్ళ పండగకి సముద్రం రోడ్డు మీద చిన్న ఇంజన్ల పందెం పెట్టేవాళ్ళు. పెద్ద బళ్ళు దొరలకి, చిన్నవి మనవాళ్ళకి. మునియన్ ఏటా రెండోవాడుగానే వచ్చేవాడు. ఒక్కసారి మొదట వచ్చి, మొదటివాడికిచ్చే వెండి గిన్నె తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాలని అతని ఆశ. పెళ్ళాం పేరు కనగం. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో గారాబంగా పెరిగింది ఆ బండి ఒక్కటే. కనగం దాన్ని రోజూ పొడిగుడ్డతో తుడిచేది, తుడిచేటప్పుడు దానితో మాట్లాడేది కూడా.

బండికున్నది పాత రకం ఇంజను. పెట్రోలులోనే నూనె కలిపి పోస్తే చాలు, ఫటఫటమంటూ పోయేది. లోపల సామాను తక్కువ, విరిగినా మిల్లులో లేతు మీద మళ్ళీ చేసుకోవచ్చు. దాని జబ్బల్లా ఒకటే. పందెం సగం దాటేసరికి వేడెక్కి మొండికేసేది.

అంతలో కొత్త రకం దిగింది. బజారులో ఇనుప సామాన్ల కొట్టు పట్టాభి శెట్టిగారు కొడుకు కోసం ఓడలో తెప్పించారు. అది వేడెక్కదు, అలిసిపోదు. ఆ ఏడు అందరినీ ఉతికి ఆరేసింది. మరుసటి ఏడు ఇంకో షావుకారు కొడుకు తెప్పించుకున్నాడు, ఆ పైయేడు మరొకడు. చేతి పనితనంతో గెలిచే పందెం కాస్తా ఓడ సరుకుతో గెలిచే పందెం అయిపోయింది. జట్కా తోలే మాడసామి, దర్జీ చంద్రన్ బళ్ళు అమ్ముకుని గట్టుమీద నిలబడి చూసేవాళ్ళయ్యారు. అదేం పందెమో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

ఈ రెండు రకాలనీ మిల్లు దొర తన భాషలో 'దో తాం', 'కాత్ర్ తాం' అనేవాడు. దో రెండు, కాత్ర్ నాలుగు, మరి తాం అంటే ఏందని మునియన్ గుమాస్తా పూంగావనాన్ని అడిగాడు. పూంగావనానికి పరాసు రాదని రుజువు చెయ్యడానికి అది వచ్చినవాడు సారంలో ఒక్కడూ లేడు.

"తాం అంటే వేళ. పూట అనుకోరాదా!" అన్నాడు.

అంతే, పాతది రెండు పూటల ఇంజను అయింది, కొత్తది నాలుగు పూటలది. నిజానికి లోపల పిస్టను ఎన్నిసార్లు కదిలితే ఒకసారి మంట పుడుతుందో చెప్పే లెక్క అది. మునియన్‌కి ఆ సంగతి తెలుసు. అయినా మాట నోటికి రుచిగా ఉందని తనూ అలాగే అనేవాడు.

చివరికి అతనూ ఆగలేకపోయాడు. శెట్టిగారు అరచేతిలో వైకుంఠం చూపించి, వారం వారం కూలిలో కొంత కట్టు చాలన్నారు. కొత్త ఇంజను ఇంటికొచ్చిన రోజు కనగం దాని చుట్టూ తిరిగి చూసి ఒకే మాట అడిగింది.

"దీనికి నాలుగు పూటలా పెట్టగలమా మామా?"

"పెట్టాల్సిందేనే. పెట్టకపోతే యాడ పరిగెత్తుతాది?" అని నవ్వాడు మునియన్.

ఏనుగును కొన్నాక అంకుశానికి వెనుకాడితే కుదురుతుందా? వాల్వు అరిగితే కొత్తది ఓడలో రావాలి. స్ప్రింగు తెగితే మళ్ళీ ఓడ. నూనె కూడా వేరే రకం. లేతు మీద చేసుకునేది ఒక్కటీ లేదు. మునియన్ మిల్లులో పొద్దుపోయేదాకా ఉండి అదనపు పని చేశాడు. అతను పనినుంచి రాగానే కనగం మొట్టమొదట, "దానికి పెట్టినావా?" అని అడిగేది. ఎంత ప్రేమో అని మురిసిపోయేవాడు.

"చిక్కిపోయినావేందే?" అన్నాడొకసారి.

"ఎండలు మామా" అంది.

పందెం వారంలో ఉందనగా మిల్లులో పెద్ద బెల్టు తెగి, అందరినీ మధ్యాహ్నమే పంపేశారు. మునియన్ ఇంటికొచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది. కనగం చాపమీద ముడుచుకుని పడుకుని ఉంది. కుండలో అన్నం లేదు, ఉట్టిమీద ఏమీ లేదు.

"తిన్నావా?" అన్నాడు.

ఆమె గబుక్కున లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. అబద్ధం ఆమెకి చేతకాదు.

"పొద్దున గంజి తాగినా గదా. దానికి నాలుగు పూటలు పెట్టల్లంటివి. మనింట్లో ఉండే కూడే అంత. మజ్జానం కూడు, రాత్రి కూడు నేను మానుకున్నా. నీకు తక్కువ చెయ్యలేదు మామా."

మునియన్‌ పక్కన కూలబడి, ఆమె చెయ్యి తీసుకుని, మడిచిన పిడికిలిని పైకీ కిందికీ కదిలిస్తూ చెప్పాడు.

"గాలి పీలుస్తాది, అదుముతాది, మండుతాది, పొగ వదుల్తాది. ఇదేనే నాలుగు తాంలు. కూడు కాదే పిచ్చిదానా!"

కనగం కాసేపు తన పిడికిలినే చూసింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అడిగింది.

"అయితే మామా, అది నా కూడు తినకపోతే, బియ్యం యాడికి పోతా ఉండాది?"

వెక్కిరించలేదు. నిజంగానే తెలియక అడిగింది. బియ్యానికి పోవాల్సిన కూలి వారం వారం శెట్టిగారి కొట్టుకి పోతోందని మునియన్‌కి అప్పుడు తట్టింది. ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నాడో తెలియక కనగం అతని జుట్టు నిమురుతూ, పోనీలే, స్ప్రింగు మళ్ళీ తెప్పించుకోవచ్చులే అంది.

మర్నాడే ఇంజను విప్పి శెట్టిగారి కొట్టుకి మోసుకెళ్ళాడు. ఆయన గొణిగి, వాడిన సరుకని విలువ తగ్గించి తీసుకున్నారు. మునియన్ బేరమాడలేదు. పాత ఇంజను మళ్ళీ బండికెక్కింది.

పందెం రోజు గట్టు పొడుగునా జనం. షావుకార్ల బళ్ళు సన్నగా ఈల వేస్తూ పోయాయి. మునియన్ బండి సగం దాకా వాటి వెంటే ఉండి, అలవాటు ప్రకారం వేడెక్కింది. పొగ కక్కుతూ అందరికన్నా వెనక గీత దాటాడు. ఒకప్పటి రెండో స్థానం కూడా దక్కలేదు. జనం నవ్వారు, మాడసామి మాత్రం చప్పట్లు కొట్టాడు.

కనగం గోడ నీడలో పెరుగన్నం మూట విప్పుకుని కూర్చుని ఉంది. "రా మామా, తిందువు" అంది.

"నువ్వు ముందు తిను."

"నువ్వు అలిసినావు గదా."

"తిను కనగం."

ఆమె సిగ్గుపడుతూ ఒక ముద్ద పెట్టుకుంది. తర్వాత ఇంకొకటి. బాగా ఆకలిగా ఉందని తినడంలోనే తెలిసిపోయింది. అతని వెనక బ్యాండు మోగింది, గవర్నరు దొర లేచాడు, వెండి గిన్నె ఎవరికో ఇస్తున్నట్టు జనం కేకలు వేశారు. మునియన్ వెనక్కి తిరగలేదు. ఆమె చివరి ముద్ద మింగేదాకా ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.