రాజకుమారి ఆంటీ దగ్గరికి లారీలో కాదు

రోజూ తెల్లవారకముందు, సింగపూర్‌లో క్రాంజీలోని వర్కర్ల డార్మిటరీ గేటు దగ్గర, పెద్దిరాజు తన లారీ వెనక తలుపు మూసి గొళ్ళెం వేస్తాడు. వేశాక రెండుసార్లు గుంజి చూస్తాడు. అది ఊడదని నమ్మకం కుదిరాకే ముందుకు వెళ్ళి స్టీరింగ్ పట్టుకుంటాడు. వెనక ఇరవై రెండు మంది ఉంటారు. కొందరు పనిముట్ల పెట్టెల మీద కూర్చుంటారు, కొందరు కిందనే కాళ్ళు ముడుచుకుంటారు. బండి కదిలిన కాసేపటికే సగం మంది నిద్రలో తూగుతుంటారు.

పెద్దిరాజుకి నలభై ఆరేళ్ళు. టెక్కలి దగ్గర పల్లె. హెల్పరుగా వచ్చి, ఇక్కడే లైసెన్సు తీసుకుని డ్రైవరయ్యాడు. వుడ్‌ల్యాండ్స్‌లో కడుతున్న ఫ్లాట్ల దగ్గరికి మనుషుల్ని చేర్చడం, సాయంత్రం తిరిగి తేవడం అతని పని. లారీ వెనక పైన టార్పాలిన్ ఉంటుంది, చుట్టూ కడ్డీలుంటాయి. సీట్లూ బెల్టులూ ఉండవు. పనికి తీసుకెళ్ళే వర్కర్లను అలా ఎక్కించుకోవచ్చని చట్టమే చెబుతుంది.

ఆ చట్టం మార్చమని ఇరవై ఏళ్ళు అడిగిన మనిషి రాజకుమారి. విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకొచ్చిన కుటుంబంలో మూడో తరం. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయింది. ఎమర్జెన్సీ వార్డులో లారీల మీద నుంచి పడినవాళ్ళకి కట్లు కట్టి కట్టి, ఉద్యోగం అయిపోయాక కట్లు మానేసి అర్జీలు మొదలుపెట్టింది. బిషాన్‌లో ఆమె ఫ్లాట్‌లోని భోజనాల బల్లే ఆఫీసు. జీతం ఆగినవాళ్ళూ, దెబ్బ తగిలినవాళ్ళూ ఆ బల్ల దగ్గరికే వచ్చేవారు. పేపర్లు ఆమెని పౌరహక్కుల నాయకురాలని రాసేవి. వర్కర్లు మాత్రం రాజకుమారి ఆంటీ అనేవారు.

పెద్దిరాజుకి ఆమె పరిచయమైంది మూడేళ్ళ కిందట. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న అతని లారీని వెనక నుంచి ఇంకో బండి గుద్దింది. వెనక కూర్చున్న రామదాసు కింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. తప్పు పెద్దిరాజుది కాదని పోలీసులే తేల్చారు. అయినా ఆస్పత్రి వరండాలో రాజకుమారి తన వైపు నడిచి రావడం చూసి అతను లేచి నిలబడ్డాడు, తిట్లకి సిద్ధపడినట్టు.

"కూచో తంబీ," అందావిడ. ఆమె తెలుగులో అరవం, మలాయ్ మాటలు దొర్లుతుండేవి. "మాకన్ అయిందా? తిన్నావా ఏమైనా?"

"నేదమ్మా."

"నిన్ను తిట్టి నేనేం చేస్తాను? వేరే ఉద్యోగం చూపించలేను కదా నీకు. బ్రేకు కాస్త ముందు నుంచి వెయ్యి. నిద్రలో ఉంటారు వాళ్ళు."

రామదాసు నష్టపరిహారం తేలేదాకా ఆమె వెంటబడి తిరిగింది. అతను కర్ర పట్టుకుని ఊరికి వెళ్ళిపోయాడు. తర్వాత ఒకసారి డార్మిటరీ గేటు దగ్గర రాజకుమారి పెద్దిరాజుని ఆపి, తనని లారీ వెనక ఎక్కించుకుని సైటు దాకా తీసుకెళ్ళమంది. అదెలా ఉంటుందో తన ఒంటికి తెలియాలట.

పెద్దిరాజు కంగారుపడ్డాడు. "అమ్మో, మిమ్మల్ని ఎక్కిస్తే నాకు కేసవుతాది. లైసెన్సు పోతాది."

"చూశావా," అని నవ్విందావిడ. "నన్నెక్కిస్తే నేరం, వాళ్ళనెక్కిస్తే డ్యూటీ. ఇదే నేను అందరికీ చెప్తున్నది. ఒక్కరికీ ఎక్కడం లేదు."

ఆ మాట పెద్దిరాజు ఎవరికీ చెప్పుకోలేదు. బ్రేకు మాత్రం ముందు నుంచే వేసేవాడు.

మొన్న శుక్రవారం పొద్దున్న రాజకుమారి గుండెపోటుతో పోయింది. డెబ్బై నాలుగేళ్ళు. సాయంత్రానికి ఫోన్లన్నీ ఆమె ఫొటోతో నిండిపోయాయి. తెలుగువాళ్ళ సంఘం ఒక ప్రకటన ఇచ్చింది. ఆమె అర్జీలకు పదేళ్ళుగా జవాబివ్వని వాళ్ళు కూడా తీరని లోటు అన్నారు. ఎవరో కార్మికుల కన్నతల్లి అని రాశారు. ఆమెకి పిల్లల్లేరు, అలాంటి మాటలంటే ఓపికా ఉండేది కాదు. బిషాన్‌లో ఆమె బ్లాకు కిందనే, స్తంభాల మధ్య ఖాళీలో, తెల్ల గుడ్డలు కట్టి శవపేటిక ఉంచారు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మండాయ్ శ్మశానానికి ప్రయాణం.

లారీలో వెళ్ళే ఇరవై రెండు మందీ ఆమెని కడసారి చూడాలన్నారు. అందులో ఆమె బల్ల దగ్గర కూర్చోనివాడు లేడు. ఆదివారం సగం పూట పని ఉంది. పన్నెండింటికి దిగి, స్నానాలు చేసి వెళ్ళాలి.

శనివారం సాయంత్రం కంపెనీలో బండ్ల వ్యవహారం చూసే శ్యాంసుందర్ తనంతట తానే వచ్చాడు. మంచివాడే. "రేపు లారీ తీసుకుపో పెద్దిరాజూ. సైటు పనే అని రాసుకుంటాలే. మేము కూడా పూల వ్రెత్ పంపిస్తున్నాం."

"సరే సార్," అన్నాడు పెద్దిరాజు. అప్పటికి అతనికి వేరే ఆలోచన లేదు.

ఆదివారం స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని గేటు దగ్గరికొచ్చేసరికి లారీ వెనక అందరూ ఎక్కేసి ఉన్నారు. తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, అవి మాయకుండా కింద అట్టముక్కలు పరుచుకుని కూర్చున్నారు. పెద్దిరాజు తలుపు మూశాడు. గొళ్ళెం వేశాడు. ఒకసారి గుంజాడు. రెండోసారి గుంజలేదు. గొళ్ళెం తీశాడు.

"దిగండి," అన్నాడు.

తలుపు పక్కనే కూర్చున్న వరుణ్‌కి అర్థం కాలేదు. వరుణ్ కరీంనగర్ కుర్రాడు, మూడు నెలల జీతం ఆగితే రాజకుమారే ఇప్పించింది. "ఏమైందన్నా? టైరు పోయిందా?"

"టైరు బాగానే ఉంది. ఆవిడ దగ్గరికి దీన్లో ఎల్లొద్దు. బస్సుకి పోదాం."

వరుణ్ టైము చూసుకున్నాడు. "ఒంటిగంట కావస్తంది. లారీల అయితే ఇరవై నిమిషాలు. ఆదివారం బస్సు లైను చూసినవా? ఎక్కేసరికే రెండయితది."

"అయితే అవనీ."

"రోజూ ఎక్కించేది నువ్వే గదా అన్నా! ఇయ్యాల కొత్తగ నీతులు పుట్టినయా?"

పెద్దిరాజు లారీ అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "రోజూ ఎక్కిస్తన్నాను. రేపూ ఎక్కిస్తాను. నా పని అది. ఆవిడ ఇరవై ఏళ్ళు వద్దొద్దన్న బండిలో ఆవిడ శవం ముందు దిగమంటావా? నా వల్ల కాదురా."

"చూడకుంటే ఏం గావాలె? మొకం చూసే రాత లేకుండ చేస్తున్నవ్."

"నన్ను తిట్టుకో. దిగి తిట్టుకో."

ముందు దిగింది ఒక మధ్యవయసు తాపీమేస్త్రీ. "తాళం అతని దగ్గరుంది. మనం కూచుంటే బండి కదల్దు గదా," అన్నాడు. ఆ మాటకి ఇద్దరు నవ్వారు. ఒక్కొక్కరే దిగారు. వరుణ్ ఆఖరున దిగి, అట్టముక్కని కాలితో తన్నాడు. పెద్దిరాజు లారీ తాళం సెక్యూరిటీ గదిలో ఇచ్చేశాడు, తన మనసు తానే నమ్మనట్టు.

బస్సు స్టాపులో వరుణ్ చెప్పినంత లైనూ ఉంది. మొదటి బస్సు ఆగకుండా పోయింది. రెండోదానిలో పద్నాలుగు మందికి చోటు దొరికింది. పెద్దిరాజు వాళ్ళందర్నీ వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టాడు, వరుణ్‌ని కూడా. మిగిలిన ఎనిమిది మందితో తను ఆగిపోయాడు. తర్వాతి బస్సు వచ్చి, క్రాంజీ స్టేషన్‌లో రైలెక్కి, బిషాన్‌లో దిగి, బ్లాకు వెతుక్కుంటూ దాదాపు పరుగులాంటి నడక నడిచేసరికి రెండు దాటింది.

శవవాహనం మలుపు తిరిగి పెద్ద రోడ్డెక్కుతోంది. వెనక అద్దంలోంచి పూలు కనిపించాయి. పెద్దిరాజు చెప్పులు విడిచి, చేతులు జోడించాడు. మిగతా ఎనిమిది మందీ అలాగే చేశారు. అటుగా సైకిల్ మీద వస్తున్న పిల్ల ఒకతె వీళ్ళని చూసి దిగి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళింది.

బ్లాకు కింద ఫ్యాన్లు ఇంకా తిరుగుతున్నాయి. గుండ్రటి బల్లల మీద వేరుసెనక్కాయలు, డబ్బా పానీయాలు. గోడ వారగా వ్రెత్‌లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నివాళులు పొద్దుటే అయిపోయాయి. మాట్లాడవలసిన వాళ్ళు మాట్లాడి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. రాజకుమారి మేనకోడలు కల్పన వీళ్ళ దగ్గరికి వచ్చింది. చిన్నప్పటి నుంచి ఆ ఫ్లాట్‌లోనే పెరిగిన అమ్మాయి, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా' చేరుతుంటుంది.

"పెద్దిరాజు అంకుల్, ఎందుకు ఇంత లేట్? మీ కంపెనీ లారీ ఉంది కదా?"

"బస్సులో వచ్చాం పాపా."

"అందరూ?"

"అందరమూ."

కల్పన అతని వైపు కాసేపు చూసింది. ఏడ్చి ఏడ్చి ఉన్న మొహంలోనే నవ్వొచ్చింది. "అయ్యో, అత్త ఉంటే ఇప్పుడు లెక్చర్ ఇచ్చేది లా. అదిగో, ఆ పెద్ద వ్రెత్ మీ కంపెనీదే. పొద్దున్నే వచ్చింది. వ్యాన్‌లో పడిపోకుండా మూడు బెల్టులు కట్టి తెచ్చారు. నేనే విప్పాను."

పెద్దిరాజు ఆ వ్రెత్ వైపు చూశాడు.

ముందు వచ్చిన పద్నాలుగు మంది ఇంకా అక్కడే ఉన్నారు. మండాయ్‌కి కల్పన రెండు కోచ్‌లు మాట్లాడింది. మొదటిది శవవాహనం వెనకే వెళ్ళింది. రెండోది సగానికి పైగా ఖాళీ. "ఎక్కండి అంకుల్, ప్లేస్ ఉంది," అంది. ఎక్కారు. మెత్తటి సీట్లు, ఏసీ. కల్పన ముందు నిలబడి, అందరూ బెల్టు పెట్టుకున్నారా అని చూసింది. తాపీమేస్త్రీకి బెల్టు ఎక్కడ తగిలించాలో తెలియక పక్కవాడి సీటులో గుచ్చాడు. ఇద్దరూ ఇరుక్కుపోయి, అంత విషాదంలోనూ కిసుక్కుమన్నారు.

వరుణ్ వచ్చి పెద్దిరాజు పక్కన కూర్చున్నాడు. కోచ్ కదిలి కొంతదూరం పోయాక ఫోన్ తీశాడు.

"మొకం చూసిన. నీకోసమని ఫొటో తీసిన. చూస్తవా?"

"కోపం తగ్గిందేటి?"

"తగ్గలే. చూస్తవా, లేదా?"

పెద్దిరాజు ఫోన్ అందుకున్నాడు. రాజకుమారికి కళ్ళజోడు అలాగే ఉంచారు. నొసటన విభూతి. ఎవరో అడిగిన ప్రశ్నకి జవాబు వెతుకుతున్నట్టు పెదవులు కాస్త బిగిసి ఉన్నాయి. పెద్దిరాజు ఫొటోని పెద్దది చేసి చూసి, ఫోన్ తిరిగిచ్చేశాడు. మండాయ్‌లో పేటిక మూసే ఉంది. అతను చూసింది ఆ ఫొటో ఒక్కటే.

సోమవారం పొద్దున్న డార్మిటరీ గేటు దగ్గర శ్యాంసుందర్ ఎదురుపడ్డాడు. "ఏమయ్యా, లారీ ఇస్తే తాళం గేటులో పెట్టి పోయావంట. నా లారీకి ముళ్ళున్నాయా?"

"ముళ్ళు నేవు సార్. సీట్లు నేవు."

శ్యాంసుందర్ నవ్వాలా కోప్పడాలా తేల్చుకోలేకపోయాడు. "నీకు కూడా ఆవిడ గాలి తగిలిందా?"

"సార్, బస్సు నడిపే లైసెన్సుకి పరీక్ష నేను రాసుకుంటాను. బస్సు మీరు కొనండి."

"అది నా చేతిలో లేదు. బాస్‌ని అడుగు."

"బుధవారం సైటుకి వస్తారు గదా. అడుగుతాను."

"అడుగు, అడుగు," అంటూ శ్యాంసుందర్ వెళ్ళిపోయాడు.

పెద్దిరాజు వెనక తలుపు మూసి, గొళ్ళెం వేసి, రెండుసార్లు గుంజాడు. వరుణ్ అప్పటికే కడ్డీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు లారీ వెనక ఎక్కినవాళ్ళు ఇరవై రెండు మంది.