మూడో అంతస్తు కిటికీ

ఆయన పేరు నేనడగలేదు. ఫిషింగ్ హార్బరులో చిరిగిన వలలు బాగుచేసే మనిషి. కరోనా ఆంక్షల నడుమ సముద్రతీరపు పార్కును తిరిగి తెరచిన దినాలలో, సాయంకాలపు నడకకు వెళ్లే నాకు జెయింట్ వీల్ వరుసలో ప్రతిదినమూ కనిపించేవాడు. పెట్టెకు ఒక్కరినే ఎక్కించి, వారు దిగగానే మందు చల్లి తుడిచేవారు. అందుచేత వరుసలో గంటసేపు నిలువక తప్పేది కాదు.

"రోజూ ఒక్కడివే వత్తన్నావేటి బావా, జోడీ దొరకనేదా?" అని ఒక యువకుడు వేళాకోళమాడాడు.

"దొరికింది బావా. అదిగో, ఆ ఆస్పత్రి మూడో అంతస్తులో ఉంది," అన్నాడాయన నవ్వుతూనే.

వార్డులోనికి ఎవరినీ రానిచ్చేవారు కారు. వీల్ కొనకు చేరి ఆగినప్పుడు మాత్రం కిటికీలో ఆయన భార్య మంచం కనబడేది. ఆయన తలగుడ్డ విప్పి ఊపేవాడు, ఆమె చేయెత్తేది. ఆ ఒక్క క్షణానికై అంతటి నిరీక్షణ.

ఒకనాడు ఆయన దిగివచ్చి నా ముందు నిలిచాడు.

"పంతులుగారూ, మంచం ఖాళీగా అవుపడతంది. ఫోను సేత్తే ఎవులూ ఎత్తడం నేదు. నా కళ్లే మోసం సేత్తన్నాయేమో, మీరో పాలి ఎక్కి సూసి సెప్పండి బాబూ!"

ఆయన ఆర్తి విన్నవారు నాకు దారి ఇచ్చారు. ఎక్కాను. పైనుండి కిటికీ స్పష్టంగానే కనిపించింది. పరుపు చుట్టి మంచానికి ఒక ప్రక్కన పెట్టి ఉంది.

నేను దిగేసరికి ఆయన మరల వరుస చివర నిలబడి ఉన్నాడు. దగ్గరకు వెళ్లి నోరు తెరవబోయాను.

"సెప్పకండి," అంటూ రెండు చేతులూ జోడించాడు. "నా వంతుకి ఇంకా గంట ఉంది కదండీ. నానే సూసుకుంటాను."