కర్చీఫ్ వేసిన సీటు

ఏడేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు, అమ్మకూ తెలియదు. నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వు నన్నెరగవు. ఎరగని మనుషులంటే నాకెంత చిరాకో చదివితే నీకే తెలుస్తుంది.

అప్పట్లో జువ్వలదిన్నె దగ్గర ఒక బడిలో టీచర్‌ని. సాయంత్రం కావలి బస్సులో అందరికన్నా ముందెక్కి కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. పక్క సీటు మీద కర్చీఫ్ వేసేదాన్ని. వచ్చేవాళ్లెవరూ లేరు. ఎవరైనా కూర్చుంటే ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని మొదలుపెడతారు, చేపల బుట్ట కాళ్లకు ఆనిస్తారు. పొద్దస్తమానం పిల్లలతో అరిచి వచ్చినదాన్ని, ఆ ముప్పావుగంటైనా నన్నొదిలేయండి అని నా గోల. కర్చీఫ్ వేసిన సీటును మా వైపు ఎవరూ ముట్టుకోరు. ఆ మర్యాదను నేను వాడుకున్నాను.

ఒకరోజు కడుపుతో ఉన్నామె ఎక్కింది. ఏడో నెలో, ఎనిమిదో నెలో. తోడు లేదు. చేతిలో ఆసుపత్రి కాగితాలు.

"అక్కా, ఈడ ఎవురన్నా వస్తారా?"

"వస్తారు."

"సరేలే అక్కా."

బస్సు కదిలింది. ఎవరూ రాలేదు. ఆమె నా పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది. అప్పుడైనా కర్చీఫ్ తీయొచ్చు కదా? తీస్తే అబద్ధం బయటపడుతుందని, ఇందరిలో టీచరమ్మ పరువు పోతుందని, కళ్లు మూసుకుని నిద్ర నటించాను. ఛీ, ఏం మనిషిని.

గుంతలో పడి బస్సు ఎగిరింది. ఆమె పడిపోయింది. కడుపు సీటు అంచుకు కొట్టుకుంది. అందరూ లేచి పట్టుకున్నారు. ఆ గొడవలో నేను చేసిన పని ఒక్కటే, కర్చీఫ్ బ్యాగులో దాచుకోవడం.

వారం తర్వాత కండక్టర్ చెప్పాడు, బిడ్డ దక్కలేదని. అయ్యో పాపం అన్నాను. ఆ దెబ్బ వల్లేనా? ముందే ఏదైనా ఉండి ఆసుపత్రికి వెళ్తోందా? ఈ ప్రశ్నలను పట్టుకుని తప్పించుకోవాలని ఎంతో చూశాను. కుదరలేదు.

మూడు నెలలకు అదే బస్సులో కనిపించింది. ఆ రోజు నాకు సీటు దొరకలేదు. నన్ను చూసి జరిగింది. "రాక్కా, కూచో" అంది. కూర్చున్నాను. కావలి దాకా ఆమె భుజం నాకు తగులుతూనే ఉంది. పేరైనా అడగలేకపోయాను. తర్వాత నాకు బదిలీ అయింది.

ఇప్పుడు రెండో తరగతికి చెబుతున్నాను. ఆ బిడ్డ ఉంటే ఈ ఏడు ఆ తరగతే. రోజూ హాజరు పిలుస్తాను. చంపింది నేనో కాదో తెలియదు. సీటు ఇవ్వనిది మాత్రం నేనే. ఆమెకు చెప్పవలసిన ఈ మాట నీకు చెప్పాను, కాస్త ఊపిరి ఆడుతోంది.